ఒక్క చేతికే కీళ్లవాతం వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 52 ఏళ్లు. చాలా ఏళ్లుగా రొయ్యల చెరువుల మీదే పని. తొమ్మిది నెలల క్రితం కుడిచేతి మధ్యవేలు వాచింది. మెల్లగా ఆ వాపు అరచేతిలోకి, తర్వాత మణికట్టు దాకా వచ్చింది. జ్వరం లేదు. మొదట చూసిన ఎముకల డాక్టరు గారు చేతిలోనే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు వారాలు హాయిగా ఉంది, ఆ తర్వాత ముందుకంటే ఎక్కువైంది. ఆర్ఏ ఫ్యాక్టర్ 34 వచ్చిందని (ల్యాబ్ లెక్క 20 లోపు) కీళ్లవాతం అన్నారు. ఐదు నెలలుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, రోజూ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) 10 మిల్లీగ్రాములు వాడుతున్నారు. యాంటీ సీసీపీ నెగెటివ్. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎడమచెయ్యి, కాళ్లు బాగానే ఉన్నాయి. మందులు పనిచేయడం లేదు కాబట్టి వచ్చే నెల నుంచి బయోలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెడదామంటున్నారు. మధ్యలో ఒకాయన టీబీ ఏమో అన్నారు. వాపులోంచి సూదితో కొంచెం నీరు తీయించి జీన్ ఎక్స్‌పర్ట్ చేయిస్తే నెగెటివ్ వచ్చింది. నాన్నకి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. ఆ ఇంజెక్షన్లు వేయించమంటారా? ఇంకో డాక్టరుకి చూపిస్తే ఈయన నొచ్చుకుంటారేమోనని నాన్న మొహమాటపడుతున్నారు.
— ఒక కూతురు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ఆ బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇప్పుడే వేయించకండి. అవి ఒంటి రోగనిరోధక శక్తిని అణిచి వాతాన్ని తగ్గించే మందులు. మీ నాన్నగారి చేతిలో ఇన్ఫెక్షన్ లేదని తేలాకే వాటి సంగతి ఆలోచించాలి. ఇప్పటిదాకా అది తేలలేదు. తేల్చే పరీక్ష ఇంకా జరగనే లేదు.

ఉత్తరం చదివి రోగం పేరు చెప్పడం సరికాదు, నేను చెప్పను. కానీ మీరు రాసినదాంట్లో రెండు మాటలు నన్ను పట్టి ఆపాయి. ఒకటి, తొమ్మిది నెలలైనా వాపు ఒక్క కుడిచేతిలోనే ఉండటం. రెండు, రొయ్యల చెరువు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు, కీళ్లవాతం అనే ముందు మా మనసులో ఇంకో పేరు మెదలాలి. నీళ్లలో బతికే ఒక క్రిమి పేరు అది, దాని సంగతి కింద చెప్తాను.

ముందు ఆ చేతిని మీరే ఒకసారి జాగ్రత్తగా చూడండి. నాన్నగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెండు చేతులూ అరచేతులు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టమనండి. వాపు వేలి కణుపుల దగ్గర మాత్రమే ముడిలా ఉందా, లేక వేలు పొడవునా అరటిపండులా ఉబ్బి, అరచేతి మధ్యలోంచి మణికట్టు వైపు ఒక దారి వెంట సాగిందా? చూపుడు వేలితో ఆ దారి వెంట మెల్లగా నొక్కండి. మెత్తగా, లోపల పిండి ముద్ద ఉన్నట్టు తగులుతుందా? మణికట్టు ముడత దగ్గర కింద నొక్కితే పైన, పైన నొక్కితే కింద ఉబ్బుతుందా? మీరు రాసిన తీరు బట్టి వాపు దారి వెంటే నడిచింది. అంటే జబ్బు కీలులో కంటే టెండన్ తొడుగులో ఉండే అవకాశం ఎక్కువ.

టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. మన ఇళ్లలో దాన్ని కూడా నరం అనే అంటాం. వేలు మడిచే తాళ్లు ముంజేతిలో పుట్టి, మణికట్టు కింద ఇరుకు సందులోంచి దూరి, వేళ్ల చివర దాకా వెళతాయి. అవి రాపిడి లేకుండా జారడానికి చుట్టూ పల్చటి తొడుగు, అందులో కాస్త జిగురు నీరు ఉంటాయి. ఆ తొడుగు లోపలి పొర, కీలు లోపలి పొర ఒకే జాతివి. అందుకే కీళ్లవాతంలో తొడుగులూ వాస్తాయి, ఇన్ఫెక్షన్‌లోనూ వాస్తాయి. పైనుంచి చూస్తే తేడా తెలియదు. ఉదయం బిగుసుకుపోవడం, పిడికిలి పట్టకపోవడం, స్టెరాయిడ్ ఇవ్వగానే కొన్నాళ్లు సుఖంగా అనిపించడం రెండింటిలోనూ ఉంటాయి. స్టెరాయిడ్‌తో తగ్గింది కాబట్టి వాతమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది. లోపల క్రిమి ఉంటే దాన్ని అడ్డుకునే కాపలాని కూడా తీసేస్తుంది. రెండు వారాల హాయి తర్వాత ముందుకంటే ఎక్కువైందని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

అసలైన కీళ్లవాతం, మేము రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనేది, సాధారణంగా రెండు చేతులకీ వస్తుంది. వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం. మొదట్లో కొందరికి ఒక పక్కే కనిపించవచ్చు. కానీ నెలలు గడిచేకొద్దీ రెండో పక్క కూడా కలుస్తుంది. తొమ్మిది నెలల తర్వాత కూడా ఒక వేలు, ఒక అరచెయ్యి, ఒక మణికట్టు దగ్గరే కూర్చున్న జబ్బుకి ఆ పేరు పెట్టేముందు చాలా ఆలోచించాలి. ఆర్ఏ ఫ్యాక్టర్ 34 అనేది పెద్ద సాక్ష్యం కాదు. టీబీ, హెపటైటిస్ సి, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ లాంటి దీర్ఘకాల జబ్బుల్లోనూ అది కొంచెం పెరుగుతుంది. ఏ జబ్బూ లేని కొందరిలోనూ, ముఖ్యంగా వయసు పైబడ్డవాళ్లలో, ఉంటుంది. యాంటీ సీసీపీ అంతకంటే నమ్మదగిన పరీక్ష, అది మీ నాన్నగారికి నెగెటివ్. నెగెటివ్ వచ్చినంత మాత్రాన వాతం లేదని కొట్టెయ్యలేం. కానీ ఉందని చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గరున్న కాగితాల్లో గట్టి ఆధారం ఒక్కటీ లేదు.

ఇక చెరువు సంగతి. తొమ్మిది నెలల క్రితం వాపు మొదలయ్యే ముందు ఆ వేలికి ఏదైనా గుచ్చుకుందా అని నాన్నగారిని అడగండి. పట్టుబడి రోజున వలలోంచి రొయ్యలు తీస్తుంటే తల మీది ముల్లు గుచ్చుకోవడం, చేప రెక్క ముల్లు దిగడం, ఏరియేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) రేకు కోసుకోవడం. చెరువు మీద బతికేవాళ్లకి అది రోజూ ఉండేదే కాబట్టి అడిగినా 'ఏం లేదమ్మా' అనే అంటారు. కాస్త తరచి అడగండి. వాపుకి రెండు మూడు వారాల ముందు ఏమైంది? ఆ నెలలో పట్టుబడి ఎప్పుడు? ఒక్కోసారి ముల్లు దిగాక వాపు రావడానికి కొన్ని నెలలు కూడా పడుతుంది. అందుకే రెండింటికీ ముడి పెట్టుకోవడం ఎవరికీ తోచదు.

నీళ్లలో, చేపల్లో బతికే ఒక క్రిమి ఉంది. పేరు మైకోబాక్టీరియం మెరైనమ్. టీబీ క్రిమికి దగ్గరి చుట్టం. 1926లో ఆరన్‌సన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన సముద్రపు చేపల్లో దీన్ని మొదట గుర్తించారు. మనుషులకి కూడా వస్తుందని 1950లలో స్వీడన్‌లో ఈతకొలనులో మోచేతులు గీసుకుపోయినవాళ్ల పుండ్ల వల్ల తెలిసింది. మంచినీరైనా, ఉప్పునీరైనా, మన చెరువుల్లాంటి చప్పటి ఉప్పునీరైనా దానికి ఒకటే. చర్మం మీద చిన్న గాటు ఉంటే చాలు, లోపలికి దిగుతుంది. కొందరిలో చర్మం మీద ఊదారంగు గడ్డగా ఆగిపోతుంది. ముల్లు లోతుగా దిగితే టెండన్ తొడుగులోకి, కీలులోకి వెళుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. వండిన చేప, రొయ్య తింటే రాదు. ఆ విషయంలో ఇంట్లో ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

దీని స్వభావంలో ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. దీనికి చల్లదనం కావాలి. 30 డిగ్రీల దగ్గర చక్కగా పెరుగుతుంది. 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి లోపలి వేడి దగ్గర, సరిగా పెరగదు. అందుకే ఇది ఊపిరితిత్తుల జోలికి వెళ్లకుండా ఒంట్లో చల్లగా ఉండే చోటు, వేళ్లు, చేతుల దగ్గరే ఉండిపోతుంది. జ్వరం ఉండదు, బరువు తగ్గదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, రక్త పరీక్షల్లో వాపుని పట్టి చూపే ఈఎస్ఆర్ కూడా మామూలుగానే ఉండొచ్చు. చీము, ఎరుపు, మంట లేని ఇన్ఫెక్షన్ ఉంటుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

ఈ స్వభావం వల్లే ల్యాబ్‌లో కూడా ఇది తప్పించుకుంటుంది. క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షే కల్చర్. మామూలుగా కల్చర్‌ని 35 నుంచి 37 డిగ్రీల వేడిలో పెంచుతారు. చాలా క్రిములకి అది సరైన వేడి. దీనికి కాదు. ఆ డబ్బాలో వారాల తరబడి ఉంచినా ఏమీ మొలవకపోవచ్చు. 'కల్చర్ నెగెటివ్' అని కాగితం వస్తుంది. అది చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుంటాం. 30 డిగ్రీల దగ్గర కూడా ఒక సీసా పెట్టమని ముందే చెప్తేనే పెడతారు. చెప్పాలంటే డాక్టరుకి అనుమానం రావాలి. అనుమానం రావాలంటే 'మీరేం పని చేస్తారు' అని అడగాలి.

జీన్ ఎక్స్‌పర్ట్ నెగెటివ్ అన్నారు కదా, అది కూడా ఇలాంటిదే. ఆ యంత్రం టీబీ క్రిమిని మాత్రమే వెతుకుతుంది. మెరైనమ్ ఎంత ఉన్నా దానికి కనపడదు. టీబీ విషయంలో కూడా, తొడుగులోంచి తీసిన నాలుగు చుక్కల నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి నెగెటివ్ వచ్చినా టీబీ లేదని తేల్చలేం. లోపలి పొర ముక్క మీద చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. మన దేశంలో చేతి తొడుగుల టీబీ కొత్తది కాదు. తొడుగు కోసి చూస్తే లోపల నానిన బియ్యం గింజల్లాంటివి గుప్పెడు బయటికి రావడం నేను చూశాను. అల్ట్రాసౌండ్‌లో కూడా అవి ఒక్కోసారి కనిపిస్తాయి. బియ్యం గింజలు కనిపిస్తే టీబీయే అని కాదు. వాతంలోనూ ఉంటాయి, మెరైనమ్‌లోనూ ఉంటాయి. కాబట్టి చూపు మీద ఆధారపడలేం, ముక్క తీయాల్సిందే.

ముక్క తీసే రోజు గురించి కాస్త విడమరిచి రాస్తాను. ఎక్కువమందికి దెబ్బ తగిలేది అక్కడే, నా రోగికి కూడా అక్కడే తగిలింది.

చాలా ఏళ్ల క్రితం ఒక టీచరమ్మ నా దగ్గరికి వచ్చారు. కుడి చూపుడు వేలు వాపు. మధుమేహం లేదు, దెబ్బ తగల్లేదన్నారు. నేను వాతం అనుకున్నాను. తొడుగులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ నా చేత్తోనే ఇచ్చాను. ఆరు వారాల్లో వాపు మణికట్టు దాటింది. అప్పుడు సర్జన్ దగ్గరికి పంపాను. ఆయన వాచిన పొరనంతా తీసి పరీక్షకి పంపారు. రిపోర్టులో గ్రాన్యులోమా ఉందని వచ్చింది. అంటే ఏదో దీర్ఘకాల ఇన్ఫెక్షన్ కావచ్చు. కల్చర్ ఏదని ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ముక్కలన్నీ ఒకే సీసాలో వచ్చాయి సార్, ఫార్మలిన్‌లో, అన్నారు. ఫార్మలిన్ ముక్కని కుళ్లకుండా కాపాడుతుంది, లోపలున్న క్రిమిని చంపేస్తుంది. చచ్చిన క్రిమి కల్చర్‌లో మొలవదు. ఆమెకి ఆపరేషన్ మళ్లీ చేయాల్సి వచ్చింది. రెండోసారి ఆపరేషన్‌కి వెళ్లేముందు, ఇంట్లో ఏం పనులు చేస్తారని మొదటిసారి అడిగాను. ప్రతి ఆదివారం కొడుకు చేపల తొట్టి చేత్తో రుద్ది కడుగుతానన్నారు. ఈసారి 30 డిగ్రీల దగ్గర పెంచమని చీటీ రాశాను. నాలుగో వారంలో మెరైనమ్ మొలిచింది. ఐదు నెలల మందులతో తగ్గింది. కానీ ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా మడవలేరు. సుద్దముక్క పట్టుకోవడానికి బొటనవేలు, మధ్యవేలు వాడటం అలవాటు చేసుకున్నారు. మొదటి రోజునే ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ వేలు దక్కేది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి చేతి వాపుతో ఎవరొచ్చినా చెయ్యి ముట్టుకునే ముందు పని అడుగుతున్నాను.

అందుకే మీకు చెప్తున్నాను. ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లే ముందు సర్జన్ గారిని నేరుగా అడగండి: 'సార్, ముక్కలో సగం ఫార్మలిన్‌లో, సగం ఉట్టి సెలైన్‌లో పంపుతారా?' ఇలా అడిగితే ఏ మంచి సర్జనూ తప్పుగా తీసుకోరు. ఫార్మలిన్ సీసా పాథాలజీకి. సెలైన్ చుక్కలతో తడిపిన స్టెరైల్ సీసా మైక్రోబయాలజీకి, అదీ ఆ రోజే చేరాలి. రెండో సీసాతో వెళ్లే చీటీ మీద ఈ మాటలు ఉండేలా చూడండి: రొయ్యల చెరువు పని, కుడిచేతి టెండన్ తొడుగు వాపు, తొమ్మిది నెలలు, స్టెరాయిడ్ వాడారు. మామూలు బ్యాక్టీరియా, ఫంగస్, టీబీ, టీబీ కాని మైకోబాక్టీరియా అన్నీ చూడాలి, 37 డిగ్రీలతో పాటు 30 డిగ్రీల దగ్గర కూడా పెంచాలి, కనీసం ఎనిమిది వారాలు ఉంచాలి. చీటీ మీద 'బయాప్సీ' అని ఒక్క మాట రాసి పంపితే ల్యాబ్‌లో కూర్చున్న మనిషికి చెరువు ఎలా తెలుస్తుంది?

కల్చర్‌లో టీబీ కాని మైకోబాక్టీరియా అని వస్తే అక్కడితో ఆగకూడదు, అది ఏ జాతో తేల్చాలి. మందులు జాతిని బట్టి మారతాయి. మీ దగ్గరి ల్యాబ్‌లో ఆ సౌకర్యం లేకపోతే వాళ్లే పెద్ద ల్యాబ్‌కి పంపగలరు. చెన్నైలో క్షయ పరిశోధనకి ప్రత్యేకంగా జాతీయ సంస్థే ఉంది.

ఇంకొక జాగ్రత్త. ముక్క తీయడానికి ముందు దగ్గుకో, పంటినొప్పికో మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చుకుని వేసుకోవద్దని నాన్నగారికి చెప్పండి. సగం చచ్చిన క్రిమి కల్చర్‌లో మొలకెత్తదు. కొన్ని రకాల యాంటీబయోటిక్స్ టీబీని కూడా కొన్నాళ్లు కప్పెడతాయి. ఇప్పటికే ఏమైనా వాడుతుంటే సర్జన్‌కి చెప్పండి. వాయిదా వేయగలిగితే రెండు వారాలు ఆగి ముక్క తీయడం మంచిది.

ఆపరేషన్‌కి ముందు ఒక అల్ట్రాసౌండ్, వీలైతే ఎంఆర్ఐ చేయిస్తే ఏ తొడుగులు వాచాయో, కీలులోకి వెళ్లిందో లేదో, ఎముక తిన్నదో లేదో తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఎముక బాగుందని మాత్రమే. తొడుగు ఎక్స్‌రేకి కనపడదు. సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు చేతి ఆపరేషన్లు తరచూ చేసేవారిని, హ్యాండ్ సర్జన్ లేదా ఆ అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్‌ని అడిగి వెళ్లండి. అరచేతిలో తాళ్లు, నరాలు, రక్తనాళాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. అన్నట్టు, నాన్నగారికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయేమో అడగండి. గ్లాసు జారిపోవడానికి నొప్పే కారణం కాకపోవచ్చు. మణికట్టు సందులో వాపు పెరిగి స్పర్శ తెలిపే నరాన్ని నొక్కుతుంటే ఆ మూడు వేళ్లు మొద్దుబారతాయి. అలా ఉంటే ఆపరేషన్ నెలల తరబడి వాయిదా వేయకూడదు.

నిజంగా మెరైనమ్ అని తేలితే భయపడక్కర్లేదు. వాచిన పొరను తీసేసి, క్లారిత్రోమైసిన్, ఎథాంబ్యుటాల్, లోతుగా ఉంటే రిఫాంపిసిన్ కూడా కలిపి కొన్ని నెలలు ఇస్తారు. వాపు పూర్తిగా తగ్గాక కూడా ఒకటి రెండు నెలలు కొనసాగించాలి. మొత్తం నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎథాంబ్యుటాల్ వాడేవాళ్లకి కంటి పరీక్ష, ముఖ్యంగా రంగులు సరిగా కనిపిస్తున్నాయో లేదో, మధ్య మధ్యలో చూడాలి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. అది ప్రెడ్నిసొలోన్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఆ మాత్ర వాడుతున్నట్టు డాక్టరుకి గుర్తుచేయండి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 'ఏదైతేనేం, టీబీ మందులు మొదలుపెట్టి చూద్దాం' అని ఎవరైనా అంటే ముక్క తీయకుండా ఒప్పుకోకండి. టీబీకి మొదట ఇచ్చే నాలుగు మందుల్లో రిఫాంపిసిన్, ఎథాంబ్యుటాల్ మెరైనమ్ మీద పనిచేస్తాయి. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ పనిచేయవు. దాంతో వాపు కొంచెం తగ్గి ఆగిపోతుంది. టీబీ అని ముద్ర పడుతుంది, తర్వాత మందుకి లొంగని టీబీ అని ఇంకో ముద్ర పడుతుంది. అసలు రోగం పేరు ఎప్పటికీ బయటికి రాదు. ఒకవేళ ముక్క పరీక్షలో నిజంగానే టీబీ అని వస్తే, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, ఊపిరితిత్తుల టీబీ కాకపోయినా ఇస్తారు. అదీ తగ్గేదే.

ఈ రెండే కాదు, కీళ్లవాతంలా కనిపించేవి ఇంకా ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను. చికున్‌గున్యా జ్వరం తర్వాత నెలల తరబడి రెండు చేతులూ వాస్తాయి, అది మన రెండు రాష్ట్రాల వాళ్లకి బాగా తెలిసినదే. మేకలు, గొర్రెల మధ్య ఉండేవాళ్లకి, పచ్చిపాలు తాగేవాళ్లకి బ్రూసెల్లా అనే క్రిమి నడుము కీళ్లని పడుతుంది. మధుమేహం ఉండి వానాకాలం పొలంలో దిగేవాళ్లకి మెలియాయిడోసిస్ అనే ఇన్ఫెక్షన్ కీలులో చీము పట్టిస్తుంది. కుష్ఠు రియాక్షన్‌లో కూడా చేతులు, మణికట్లు వాచి వాతంలా కనిపిస్తాయి, అప్పుడు చర్మం మీద స్పర్శ లేని మచ్చ కోసం చూడాలి. మీ నాన్నగారి కథ వీటిలో దేనికీ అంతగా సరిపోవడం లేదు.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక్క మాట. పైన రాసిందంతా నెలల తరబడి నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్ గురించి. ముల్లు గుచ్చుకున్న ఒకటి రెండు రోజుల్లోనే వేలు పొడవునా ఉబ్బి, కొంచెం వంగి ఉండిపోయి, తొడుగు వెంట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉండి, ఎవరైనా వేలు చాచబోతే కేక పెట్టేలా ఉంటే అది వేరే సంగతి. షికాగో సర్జన్ అలెన్ కనావెల్ పేరు మీద ఉన్న నాలుగు గుర్తులివి. అది మామూలు చీము క్రిముల పని. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రయినా సరే. మోకాలో, తుంటో, భుజమో ఒక్కసారిగా ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా అంతే. లోపలి నీరు తీసి పరీక్షకి పంపాకే యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి, కానీ ఆ పని గంటల్లో జరగాలి. కీలు లోపలి మృదులాస్థి కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, మళ్లీ పెరగదు.

ఇక మీ నాన్నగారి మొహమాటం. ఇప్పుడు చూస్తున్న డాక్టరు గారి దగ్గరికే ముందు వెళ్లండి. ఆయన్ని తప్పుపట్టినట్టు కాకుండా, సమాచారం ఇచ్చినట్టు మాట్లాడండి. 'సార్, నాన్న చెరువు పని చేస్తారు, వేలికి ముల్లు గుచ్చుకుని ఉండొచ్చు. బయోలాజిక్ మొదలుపెట్టే ముందు లోపలి పొర ముక్క ఒకసారి పరీక్ష చేయిద్దామా?' ఆయనకి మీరు చెరువు సంగతి చెప్పారా? చెప్పకపోతే ఆ తప్పు ఎవరిదీ కాదు, ఇప్పుడు చెప్పండి. ఎలాగూ బయోలాజిక్ ఇచ్చే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీకి చర్మ పరీక్షో రక్త పరీక్షో చేయాలన్నది నియమం, కాబట్టి ఇన్ఫెక్షన్ మాట ఎత్తడం వింతేమీ కాదు. అయితే ఆ పరీక్షలు పాజిటివ్ వచ్చినా చేతిలో ఉన్నది టీబీయే అని అర్థం కాదు, మెరైనమ్ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. స్టెరాయిడ్ వాడుతుండగా నెగెటివ్ వచ్చినా నమ్మలేం. మన వాళ్లలో డాక్టరు మారితే ద్రోహం చేసినట్టు అనుకుంటారు. ఆయన ఒప్పుకోకపోతే, లేదా అక్కడ సౌకర్యం లేకపోతే, ఇంకొకరి అభిప్రాయం తీసుకునే హక్కు మీకుంది. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. మీ దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఎముకల విభాగం, మైక్రోబయాలజీ రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి అక్కడైతే సీసా దారిలో ఆలస్యం కాదు.

ఈలోగా మందుల సంగతి. ప్రెడ్నిసొలోన్ రేపటి నుంచే ఆపేయకండి. ఐదు నెలలు వాడాక ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణానికే ముప్పు రావచ్చు. మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఆపరేషన్ జరిగితే మత్తు డాక్టరుకి ఆ మాత్ర గురించి తప్పక చెప్పండి. మెథోట్రెక్సేట్‌ని ముక్క రిపోర్టు వచ్చేదాకా ఆపవచ్చా అని అడగండి, నేనైతే ఆపమంటాను. చేతిలో ఇంకో ఇంజెక్షన్ మాత్రం ఎవరు చెప్పినా వేయించుకోవద్దు.

చెరువు పని మానమని చెప్పను, అది మీ ఇల్లు నడిపే పని. కానీ ఆ చెయ్యి నయమయ్యేదాకా నీళ్లలో పెట్టనివ్వకండి. తర్వాత కూడా పట్టుబడి రోజు మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి. ముల్లు దిగితే వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, ముల్లు ముక్క లోపల మిగిలిపోయిందేమో చూడాలి. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని చాలాకాలమైతే అది కూడా వేయించుకోవాలి. మీ ఇంట్లో ఇంకెవరైనా ఆ పనిలో ఉంటే వాళ్లకీ చెప్పండి.

ముక్క రిపోర్టు వారం రోజుల్లో వస్తుంది. కల్చర్‌కి ఎనిమిది వారాలు పడుతుంది, మధ్యలో ల్యాబ్‌కి ఫోన్ చేసి 30 డిగ్రీల సీసా ఉందా అని ఒకసారి అడగండి. రెండు రిపోర్టులూ చేతికి వచ్చాక, గ్లాసు పట్టుకోగలుగుతున్నారో లేదో కూడా చేర్చి, నాకు మళ్లీ రాయండి.